సిరిసిల్ల డాబా మీద యాంటెనా

నవంబర్ 2, ఆదివారం

రాయాలని లేదు. రాస్తే కాస్త తేలికపడుతుందేమోనని కూర్చున్నాను.

పరశురాములన్న డాబా మీంచి పడ్డాడు. ప్రాణానికి భయం లేదు. కుడి చెయ్యి విరిగింది. సిరిసిల్లలో చూసి కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు.

అన్న ఇంటి మీద హామ్ రేడియో యాంటెనా నిలబెడదామని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. ఇంట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటే ఆ మోటార్ల రొదకు రేడియోలో గరగర తప్ప ఇంకేమీ వినపడదు. అందుకే సాంచాలు బంద్ ఉండే ఆదివారం పెట్టుకున్నాం. పొడుగాటి ఇనుప పైపు, దానికి మూడువైపులా మూడు తాళ్లు. రెండింటిని అన్న బామ్మర్ది మహేశ్ పిట్టగోడ కొక్కేలకు కట్టాడు. మూడోవైపు కొక్కెం లేదు. పైపు నిటారుగా నిలిచాక మేకు కొట్టి కడదామని ఆ తాడు నా చేతికిచ్చారు. మా రేడియో గ్రూపు జగదీశ్ సార్ కింద గదిలో కేబుల్ సర్దుతున్నాడు. అన్న స్టూలెక్కి క్లాంపు బిగిస్తున్నాడు.

ఏదో తాడు జారింది. పైపు వీధివైపు ఒరిగింది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారని అన్న దాన్ని వదల్లేదు. పక్కకు గుంజుతూ పైపుతో పాటే పక్కింటి రేకుల షెడ్డు మీద పడ్డాడు.

నేను వెంటనే ఉరికాను. మెట్ల మీద ఒక చెప్పు ఎక్కడో పోయింది. ఆ ఒంటి చెప్పుతోనే అన్నను ఆటో ఎక్కించాం.

ఏదో తాడు జారింది. అంతే.

నవంబర్ 3

స్కూల్లో ఎనిమిదో తరగతికి నేను చెప్పాల్సింది ఘర్షణ పాఠం. ఇవ్వాళే రావాలా అది.

నవంబర్ 5, బుధవారం

కార్తీక పున్నమి సెలవు. కరీంనగర్ పోయి వచ్చాను.

వార్డులో నవ్వుతున్న మనిషి అన్న ఒక్కడే. మణికట్టు దగ్గర రెండు ఎముకలూ విరిగితే లోపల ప్లేటు వేశారట. నన్ను చూడగానే, “సంధ్యా, యాంటెనా ఎట్లుంది? బాగ వంగిందా?” అని అడిగాడు. చెయ్యి ఇట్లా పెట్టుకుని యాంటెనా గురించి అడుగుతున్నాడు. మా రేడియో వాళ్లందరికీ ఇదే రోగం. లైసెన్సు పరీక్షకు హైదరాబాద్ పోయినప్పుడు బస్సులో పక్క సీట్లో కూర్చుని, నాకు రాని మోర్స్ కోడ్‌ను తొడ మీద వేళ్లతో కొట్టి నేర్పింది ఈ మనిషే. అప్పటి నుంచి అన్నా అని పిలుస్తున్నాను. సొంత అన్న లేని లోటు ఈయనతోనే తీరింది.

వరండాలో లసుమవ్వ వదిన మహేశ్ మీద పడింది. మహేశ్ ఆమె తమ్ముడే. వాళ్లింట్లోనే ఉండి బావతో పాటు నాలుగు సాంచాలు నడుపుతాడు.

“ముడి ఎయ్యరాకపోతే ఎందుకు ముట్టినవ్‌రా? నేను సూసిన గదా. నువ్వు గట్టిన తాడే ఊడి ఏలాడుతున్నది.”

“అవునక్కా. నేనే సరిగ్గ గట్టలే.”

“అవునంటడు సూడు ఎంత సల్లగనో! ఆ చెయ్యి లేకపోతే ఇల్లెట్ల నడుస్తది?”

మహేశ్ తల ఎత్తలేదు. నేను వదిన భుజం మీద చెయ్యి వేసి, “ఊకో వదినా, వాడు కావాలని చేసిండా” అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

పడ్డాక డాబా మీదికి పోయి చూస్తే మహేశ్ కట్టిన తాళ్లలో ఒకటి ఊడి ఉన్న మాట నిజం. అందరూ చూశారు. నేనూ చూశాను. అంత బరువు ఒక పక్కకు ఒరిగి గుంజితే ఎవరు వేసిన ముడైనా ఊడుతుంది. ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.

నవంబర్ 8, శనివారం

మినికాయ్ దీవికి పోయిన కేరళ టీం ఇంటికి చేరింది. మా రేడియో గ్రూపులో ఫొటోలు పెట్టారు.

లక్షద్వీప్‌లో ఆ చివరి దీవిలో మా బాపతు వాళ్లు ఒక్కరూ ఉండరు. ఎవరైనా సెట్లు మోసుకుని పడవెక్కి పోయి కొన్నాళ్లు కూర్చుంటేనే ఆ దీవితో మాట్లాడే భాగ్యం. మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో. నాలాంటి చిన్న సెట్టు వాళ్లకు దారి ఒక్కటే. అంతరిక్ష కేంద్రం నెత్తి మీదుగా పోయేటప్పుడు అందులో ఉన్న రిపీటర్ మన గొంతు పట్టుకుని మళ్లీ కిందికి వదులుతుంది. దేశమంతా వింటుంది. కాసేపట్లో అది దాటిపోతుంది. రెండో తేదీ వాళ్లకు దీవిలో ఆఖరి రోజు.

నాకు అభినందనలు పెట్టారు. వాళ్లకు దొరికిన ఒకే ఒక్క తెలంగాణ మహిళనట. ఇక చప్పట్ల బొమ్మలే బొమ్మలు. జగదీశ్ సార్ ‘జగిత్యాల జిల్లాకే గర్వకారణం’ అని రాశాడు. ఆయనకు ప్రతిదీ జిల్లాకే గర్వకారణం.

కింద ఆడియో. వాళ్లు మాట్లాడిన ప్రతి కాంటాక్టూ రికార్డు చేస్తారు, అది వాళ్ల పద్ధతి. విన్నాను. నా కాల్‌సైన్, లైసెన్సుతో ఇచ్చిన నా రేడియో పేరు. వాళ్లది. మళ్లీ నా గొంతు. దాని వెనక అన్న గొంతు, “పట్టు, పట్టు!” అని. అక్కడ ఆపేశాను.

హ్యాండీ నా కుర్తా జేబులో ఉంది. చేతిలో పట్టేంత సెట్టు, ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ఉంటే తప్పా?

అదే రోజు

టీం పెద్దాయనకు విడిగా మెసేజ్ పెట్టాను. వెనకాల మా ఇంటి గొడవ వినపడుతోంది, దయచేసి గ్రూపులోంచి తీసేయండని. వెంటనే తీసేశాడు. పైగా నన్నే క్షమించమన్నాడు. గుర్తుగా దాచుకొమ్మని ఆ క్లిప్ నాకు విడిగా పంపాడు.

అన్న ఆసుపత్రిలో ఉన్నాడు, విని ఉండడు. సార్ విన్నా పట్టించుకునే రకం కాదు. చప్పట్లు కొట్టి ఊరుకుంటాడు.

నవంబర్ 9

డిలీట్ చేయలేదు. విననూ లేదు.

నవంబర్ 12, బుధవారం

మా ఆయన రవీందర్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. పిల్లల ఫీజు, గ్యాసు, వాళ్లమ్మ మోకాళ్లు అన్నీ అయ్యాక, “మీ అన్నకెట్లుంది? ఇంతకు ఎవని తప్పే అది?” అన్నాడు.

“ఎవరిదీ కాదు. తాడు జారింది.”

“తాడు దానంతటదే జారుతదా?” అని నవ్వాడు. మామూలుగానే నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎవరో తలుపు కొడుతున్నారని చెప్పి పెట్టేశాను. పెళ్లయినప్పటి నుంచి ఆయనకు ఇన్ని అబద్ధాలు ఎప్పుడూ చెప్పలేదు.

సరే, రాస్తాను. ఎవరు చూస్తారు ఇది.

తాడును చెప్పు కింద తొక్కిపెట్టాను. ఒక చేత్తో హ్యాండీ, ఇంకో చెయ్యి చెవికి అడ్డం. లేకపోతే గాలికి ఏమీ వినపడదు. నైలాన్ తాడు, రబ్బరు చెప్పు. అన్న పైనుంచి, “సంధ్యా, పట్టుకున్నవా?” అని అడిగాడు. “ఆఁ” అన్నాను. కాలి కింద ఉంది కదా, అబద్ధం ఎట్లా అవుతుంది? మహేశ్ అటు తిరిగి తన ముడి సర్దుకుంటున్నాడు. నన్ను ఎవరూ చూడలేదు.

ఇంకొకటి. అంతరిక్ష కేంద్రం ఎన్నింటికి వస్తుందో నాకు పొద్దుటి నుంచే తెలుసు. సార్ పైపు పొద్దున్నే లేపుదామన్నాడు. అన్నాలు తిన్నాక లేపుదామన్నది నేను. ఆ టైముకు డాబా మీద ఉండాలని. వదిన ఆ రోజు మా కోసం నాటుకోడి వండింది.

అన్న అరవగానే మాట మధ్యలో వదిలేసి ఉరికాను. అదొక్కటి మాత్రం నిజం. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను.

ఒకటే అర్థం కావడం లేదు. కాంటాక్ట్ లెక్కలోకి రావాలంటే నా ఊరి కోడ్ వాళ్లకు చేరాలి. చేరిందని వాళ్లు చెప్పాలి. ఆ మాట నాకు అందిందని నేను చెప్పాలి. మధ్యలో వదిలేస్తే వాళ్ల లాగ్ పుస్తకంలోకి ఎట్లా ఎక్కింది? మా కోరుట్లకైనా సిరిసిల్లకైనా కోడ్ ఒక్కటే. పాత లిస్టులో నా పేరు చూసి రాసుకుని ఉంటారు. అంతే అయ్యుంటుంది.

నవంబర్ 16, ఆదివారం

సిరిసిల్ల పోయాను. చెప్పేయాలనే పోయాను. వేములవాడ దాకా బస్సులో మాటలు కూర్చుకున్నాను.

అన్న ఇంటికి వచ్చేశాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు వంగడం లేదు. కొన్నాళ్లకు వస్తుందో రాదో డాక్టర్లు చెప్పడం లేదట. సాంచె మీద పోగు తెగితే వెంటనే పట్టి ముడెయ్యాలి, దానికి వేళ్లే కావాలి. అన్న ఎడమ చేత్తో ఒక దారపు ముక్కను కుడి వేళ్లకు అందించి ముడి వేయడానికి చూస్తున్నాడు. నేను రాగానే దాన్ని దిండు కింద పెట్టేసి, “రా రా, దీవి దొరికిందటగా నీకు? గ్రూపుల సూసిన. శెభాష్!” అన్నాడు. నిజంగా సంబరపడ్డాడు. ఎప్పుడు దొరికింది, ఎక్కడి నుంచి మాట్లాడినవ్ అని అడగలేదు. అడుగుతాడేమోనని చూస్తూ కూర్చున్నాను.

మహేశ్ మహారాష్ట్రలోని భీవండి పోతున్నాడు. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం బస్సుకు. అక్కడ సాంచాల మీద పనుందట. ఇంటికి డబ్బు పంపుతాడట. ఇక్కడ సాంచాలు ఎవరు నడుపుతారని అడిగితే అక్క మొహం చూశాడు. పడ్డ రోజు నుంచి ఆమె తమ్ముడితో మాట్లాడటం లేదు. అన్నం గిన్నె ముందర పెట్టి పోతుంది, అంతే.

వంటింట్లో వదిన ఒక్కతే ఉన్నప్పుడు మొదలుపెట్టాను. “వదినా, మహేశ్‌ను పోనియ్యకు. ఆ రోజు నా తాడు కూడా కొంచెం వదులైంది.”

వదిన నా చెయ్యి పట్టుకుంది. “నీ గుణం నాకు తెల్వదా సంధ్యా? వాని తప్పు నీ మీదేసుకుంటున్నవ్. వద్దు. ఆడే ఒప్పుకున్నడు గదా.”

“లేదు వదినా, నిజంగనే…”

“నిజంగనే నీది ఆడబిడ్డ మనసు” అని కళ్లొత్తుకుంది. నా కోసం సకినాలు కట్టి ఇచ్చింది.

చెప్పాను. నేనైతే చెప్పాను. నమ్మకపోతే నేనేం చేయను?

నవంబర్ 17

‘కొంచెం’ అన్నాను. ‘కూడా’ అన్నాను.

సకినాలు పిల్లలు తినేశారు. నా నోట్లోకి ఒక్కటీ పోలేదు.

నవంబర్ 20

జగదీశ్ సార్ ఫోన్. ఆదివారం జగిత్యాలలో మన వాళ్ల మీటింగు, నాకు సన్మానమట. వద్దన్నాను. సిగ్గుపడుతున్నానని అనుకున్నాడు. నేను ఏది చెప్పినా మంచిగానే అర్థం చేసుకుంటున్నారు ఈ జనం. ఇదేం ఖర్మ.

పోతాను. మైకు ఇస్తారు కదా. అందరి ముందూ చెప్పేస్తాను. అప్పుడు ‘కొంచెం’ అనడానికి ఉండదు.

నవంబర్ 23, ఆదివారం

చెప్పలేదు.

నిజామాబాద్ నుంచి కూడా వచ్చారు. మీటింగు హాల్లో టేబుళ్ల మీద పాత సెట్లు, కొత్త సెట్లు, ఎవరో చేత్తో చుట్టిన కాయిళ్లు. బయట వెదురు కర్రకు వైరు కట్టి ఒకాయన రష్యా వాళ్లతో మాట్లాడుతుంటే చుట్టూ గుంపు. వేరే రోజైతే నేనూ ఆ గుంపులోనే ఉండేదాన్ని. మధ్యాహ్నం బగారా అన్నం.

అన్న వచ్చాడు. చెయ్యి మెడకు కట్టుకుని, రెండు బస్సులు మారి, మహేశ్‌ను తోడు తీసుకుని. నా సన్మానం చూడటానికి.

స్టేజీ మీద సార్ శాలువా విప్పి, “మన సంధ్యారాణికి పరశురాములు చేత్తోనే కప్పిద్దాం” అన్నాడు. ఒక్క చెయ్యే పనిచేస్తోంది. శాలువా ఒక భుజం మీది నుంచి జారిపోతుంటే మహేశ్ వెనక నుంచి వచ్చి సర్దాడు. ఇద్దరూ కలిసి నాకు శాలువా కప్పారు. అందరూ చప్పట్లు.

మైకు ఇచ్చారు. హాలంతా నన్నే చూస్తోంది. మొదటి వరసలో అన్న మొహం వెలిగిపోతోంది. నోరు తెరిచాను. “ఇదంతా పరశురాములన్న ప్రోత్సాహం వల్లే” అన్నాను. దిగిపోయాను.

శాలువా మడిచి సంచి అడుగున కుక్కాను.

మహేశ్ బస్టాండు దాకా వచ్చి, “అక్కా, రేపు వోతున్న. బావను సూస్తుండు. నీ మాటైతే ఇంటడు” అన్నాడు. నన్ను. నేను చూసుకోవాలట.

నవంబర్ 24, సోమవారం

స్కూలుకు సెలవు పెట్టి మొదటి బస్సుకే సిరిసిల్ల పోయాను. బస్సులో మాటలు కూర్చుకోలేదు. ఎట్లాగూ నా నోరు నా మాట వినదు. ఫోన్‌లో క్లిప్ ఉంది.

ముందు గదిలో నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. మహేశ్ పోయేముందు ఆ గుడ్డ పూర్తి చేసి పోదామని తెల్లారకముందే మొదలుపెట్టాడట. గడప పక్కన వాడి బ్యాగు సర్ది ఉంది. వదిన మూలకు కూర్చుని దారం కండెలు చుడుతోంది. అన్న మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి ఎడమ చెయ్యి ఊపాడు.

“తాడు నేనే వదిలిన!” అన్నాను.

“ఏందీ?” అన్నది వదిన.

“నేను! తాడు! వదిలిన!” ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. వదిన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తోంది. నా మొహం చూసి ఏమనుకుందో, లేచిపోయి స్విచ్చులు తీసేసింది. ఒకటి, తర్వాత ఒకటి. ఆఖరి సాంచె ఆగేసరికి గది బావిలా అయిపోయింది. మహేశ్ చేతిలో నూనె గుడ్డతో అట్లాగే నిలబడ్డాడు.

“అన్న పడ్డప్పుడు నా చేతుల తాడు లేదు. రేడియో ఉన్నది” అన్నాను. ఎవరైనా ఏమైనా అనేలోపల క్లిప్ పెట్టాను. మళ్లీ ‘నీ మనసు మంచిది’ అంటారేమోనని భయం.

నా కాల్‌సైన్ వచ్చింది. దీవి వాళ్లది వచ్చింది. మళ్లీ నా గొంతు, దాని వెనక అన్న, “పైపు వోతున్నది… పట్టు, పట్టు!” నేను ఇన్నాళ్లూ ఆపేసిన చోటు అది. ఈసారి ఆపలేదు.

రేకులు విరిగిన చప్పుడు. మహేశ్ గొంతు, “బావా!” అని. తర్వాత నా గొంతు. గాబరా లేదు, వణుకు లేదు. క్లాసులో పాఠం చెప్పినట్టు నిదానంగా నా ఊరి కోడ్ చెప్పాను. మైక్, కిలో, నైన్, ఎయిట్. దీవి వాళ్లు సరిగ్గా అందలేదన్నారు. మళ్లీ చెప్పాను. వెనకాల వదిన ఏడుపు. అందిందన్నారు. “థాంక్యూ, సెవెంటీ త్రీ” అన్నాను. అప్పుడు ఆగిపోయింది క్లిప్.

నేను వెంటనే ఉరకలేదు.

మహేశ్ నూనె గుడ్డను సాంచె మీద పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు. “అంటే నా ముడి…” అని ఆగిపోయాడు.

“నీది గట్టిగనే ఉండె తమ్మీ. నేను వదిలినంకనే గుంజుకపోయి ఊడింది.”

వాడు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. మొహం కప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటిన పిల్లాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు.

వదిన నా దగ్గరికి వచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“ఆయన మొత్తుకునుడు నీకు ఇనపడ్డది గదా?”

“ఇనపడ్డది వదినా.”

“నేను ఏడ్సుడు?”

“అది కూడా.”

వదిన అన్నవైపు తిరిగింది. “ఆఖరికి ఏమో అన్నది గదా. ఏందది?”

అన్న నన్ను చూడలేదు. వంగని ఆ రెండు వేళ్లను ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆ వేళ్లవైపే చూస్తూ చెప్పాడు.

“పోయొస్త, మీరంత సల్లగుండుండ్రి అని. మా రేడియోల గట్లనే అంటరు.”

వదిన గడప దగ్గరున్న బ్యాగు తీసుకుపోయి లోపలి గదిలో పెట్టి వచ్చింది. తమ్ముడి ముందు కూర్చుని, కొంగుతో వాడి మొహం తుడిచి, “పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవారా?” అని అడిగింది. ఇన్నాళ్లకు వాడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. వాడు తల అడ్డంగా ఊపాడు. వంటింట్లోకి పోయింది.

“లే మహేశ్. సాంచాలు నడిపియ్యి, గుడ్డ ఇయ్యాలె” అన్నాడు అన్న.

మహేశ్ లేచి స్విచ్చులు వేశాడు. మళ్లీ ఆ చప్పుడు. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. కూర్చోమనీ అనలేదు.